మా లంక చూడవచ్చేవారికి

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. పిల్లిని చూశానని చెప్పబోతే నా నోట్లోంచి పులి దూకుతుంది. మా ఆవిడ నేను చెప్పిన దేన్నయినా సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ మడిచి, మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. అయితే వట్టి కల్పన, అంటే జరగనిదాన్ని జరిగిందని చెప్పడం, ఈ రాతలో ఒక్కచోటే ఉంది. అదేదో చివర నేనే చెబుతాను. మిగతాదంతా జరిగిందే. నూనెలో పడ్డ అప్పడంలా కాస్త ఉబ్బి ఉంటుంది, అంతే.

మా మేనల్లుడు రాజమహేంద్రవరంలో ఒక అచ్చుకూటంలో పనిచేస్తున్నాడు. గోదావరి మీద పడవల్లో తిరిగేవాళ్ళ కోసం వాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. ఏ ఊరికి ఎలా వెళ్ళాలి, ఎక్కడ బస చెయ్యాలి, ఏం తినాలి, ఏం చూడాలి, అన్నీ అందులో ఉంటాయట. మొన్న వచ్చి నా ఎదుట చాప మీద చతికిలబడి, "మావయ్యా, మీ లంక సంగతి నువ్వే రాసిపెట్టాలి. ఒక్క పేజీ చాలు" అన్నాడు.

"మా లంక సంగతా?"

"అదే, నువ్వు పుట్టిన ఊరు. పనసకాయ రాలితే భూకంపం వచ్చిందని జనం బయటికి పరిగెత్తేవారని చెప్పేవాడివిగా. ఆ ఊరు."

ఆ ఊరు ఇప్పుడు లేదని వాడికి ఎవరూ చెప్పలేదన్నమాట. ఎవరో ఏవిటి, నేనే చెప్పలేదు. చెప్పిన ప్రతిసారీ పనసకాయల దగ్గరే ఆగిపోయాను కాబోలు. వాడి మొహం చూసి, "సరే, రాస్తాలే" అన్నాను. రాస్తున్నాను.

మా లంకకు రావాలంటే ధవళేశ్వరం లాకుల దగ్గర కాలవ పడవ ఎక్కండి. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో దాన్ని లాగుతారు. ఎంత తీరిగ్గా లాగుతారంటే, ఒకసారి నేను ఎక్కినప్పుడు గట్టు పక్కన ఊడుస్తున్న వరి, నేను దిగేసరికి పొట్టకొచ్చింది. దిగాక ఏటిగట్టు ఎక్కితే ఎదురుగా గోదావరి, దాని నడుమ పచ్చగా మా లంక. రేవులో పడవ తాత కూర్చుని చుట్ట కాలుస్తుంటాడు. అతని చుట్ట మా లంక పొగాకుతో చుట్టింది. దాని ఘాటుకి దోమలు పక్క తాలూకాకి వలస పోయాయి.

పడవ తాత మిమ్మల్ని ఒక్కటే అడుగుతాడు. "ఎవరింటికండీ?" మీరు చెప్పగానే గెడ వేస్తాడు. పడవ ఏటి నడిమికి వచ్చాక లేచి నిలబడి, నోటికి అటూ ఇటూ చేతులు పెట్టుకుని, "సుట్టాలొత్తన్నారహో!" అని ఒక కేక వేస్తాడు. ఆ కేకకి అవతల ఒడ్డున పొయ్యిలు అంటుకుంటాయి. మీరు రేవులో కాలు పెట్టేసరికి అత్తెసరు ఉడుకు పట్టి ఉంటుంది.

బస గురించి మీరు దిగులు పడక్కర్లేదు, ఎంచుకోవలసిన పనీ లేదు. మిమ్మల్ని రేవులోనే పంచుకుంటారు. ఒకరు సంచీ లాక్కుంటే ఒకరు గొడుగు లాక్కుంటారు. సంచీ పట్టుకున్నవాడి ఇంట్లో భోజనం, గొడుగు పట్టుకున్నవాడి ఇంట్లో పడక. బ్రాహ్మణులైతే నేరుగా మా ఇంటికే. లంకలో మాదొక్కటే బ్రాహ్మల ఇల్లు, మా నాన్న కరణం. మా మామ్మ మడి కట్టుకుని వండితే అమ్మ వడ్డించేది. కంద బచ్చలి కూర, ఆవ పెట్టిన పనసపొట్టు, మజ్జిగ పులుసు, దోసావకాయ. ఇక అప్పడమా, బండి చక్రమంత. అది విస్తట్లో నిలబెడితే వెనకాల కూర్చున్న అతిథి కనిపించేవాడు కాదు. ఆయన కాస్త కాస్త కొరుక్కుంటూ వస్తే భోజనం చివరికి మొహం బయటపడేది.

ఇంతవరకు ఏ ఊరివాడైనా చెప్పేదే. మా ఊరికే ఉన్నది ఒకటుంది. అతిథి పడవ దిగింది మొదలు తిరిగి ఎక్కేదాకా లంకలో ఎవరూ కష్టం మాట ఎత్తకూడదు. జ్వరమొచ్చినా, దూడ చచ్చినా, కొడుకు ఇల్లొదిలి పోయినా, ఆయన ఎదుట నవ్వు మొహమే. ఎవరు పెట్టారో ఆ కట్టుబాటు, నాకు తెలియదు. మామ్మ మాత్రం అనేది, "విస్తరి ముందు కూర్చున్నవాడికి మన ఏడుపు వడ్డించకూడదురా. తిన్నది అరగదు. అన్నం పెట్టిన పుణ్యం కాస్తా పోతుంది."

ఈ కట్టుబాటును నా కళ్ళతో చూశాను. ఒకనాడు పొద్దున్నే మునసబుగారి పాడిగేదె ఏట్లో పడి కొట్టుకుపోయింది. ఆ పూటే వాళ్ళింటికి దూరపు బంధువు ఒకాయన వచ్చాడు. మునసబుగారు పక్కింట్లో పెరుగు బదులు తెచ్చి గడ్డపెరుగు వడ్డిస్తూ, "మన గేదెదేనండీ, వెన్న చూడండి ఎలా తేలుతోందో" అన్నారు. బంధువు గేదెను చూపించమన్నాడు. "మేతకెళ్ళిందండీ" అన్నారు మునసబుగారు. అబద్ధం కాదు. ఎటో వెళ్ళింది కదా. ఆ బంధువు పడవ ఎక్కాక రేవులోనే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చారాయన.

చూడదగినవి ఏవిటంటే, నేల. మీరు నవ్వకండి, నేలే మా ఊళ్ళో వింత. ఇసకా ఒండ్రూ పేర్చి గోదావరి ఇచ్చిన నేల అది. నేను పుట్టేనాటికే తిరిగి పుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఏటా ఎర్రనీరు, అంటే కొత్త వరదనీరు, పైనించి దిగగానే తూర్పు ఒడ్డు కోత పడేది. మొదట నేల మీద వెంట్రుకంత బీట. నాలుగు రోజులకి వేలు దూరేది. ఆపైన ఒక పూట ఉన్నట్టుండి 'ధబ్' మని గదంత మట్టిపెళ్ళ నీళ్ళలోకి. వెంటనే తడిమట్టి వాసన ఊరంతా పాకేది. లోకానికి ఆ వాసనంటే తొలకరి. మాకు మాత్రం ఎవరి పెరడో తగ్గిందని అర్థం.

పిల్లలకి అదొక ఆట. బీటకి అవతల, అంటే ఏటివైపు, ఒంటికాలి మీద నిలబడి ఎవడెక్కువ సేపు ఆగగలడని పందెం. ఆ ఆటలో నన్ను మించినవాడు లేడు. ఒకసారి నేను ఇవతలికి దూకీ దూకకముందే నేను నిలబడ్డ చోటు ఏట్లోకి వెళ్ళిపోయింది. మామ్మ చూసింది. విసనకర్ర కాడతో, కాడ విరిగేదాకా కొట్టింది. ఆ తర్వాత నన్ను ఒళ్ళో అదుముకుని ఎంతకీ వదల్లేదు. ఆమె చీరకి పొయ్యి పొగ, ఇంగువ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా పోపులో ఇంగువ వేస్తే నా వీపు చురుక్కుమంటుంది.

ఇల్లు అంచుకి చేరినప్పుడు కప్పు ఎత్తేవారు. అందరివీ మట్టి గోడలు, తాటాకు కప్పులు. గోడలు ఏటికి వదిలేసి, కప్పును వాసాలతో సహా ఊరి మగాళ్ళంతా భుజాలకెత్తుకుని పడమటికి నడిచేవారు. దూరాన్నించి చూస్తే ఇంటికే కాళ్ళొచ్చి అలిగి వెళ్ళిపోతున్నట్టు ఉండేది. మా ఇల్లు కదిలిన రోజున పక్కింటివాళ్ళ కోడిపుంజు ఒకటి కప్పు మీదనించి దిగనంటే దిగనంది. పల్లకీలో జమీందారులా దారి పొడుగునా కూస్తూ వచ్చి, కొత్త చోట దర్జాగా దిగింది. జనం అంత బరువు మోస్తూ నవ్వలేక చచ్చారు. మామ్మ ఒక్కతే వెనక్కి తిరిగి చూసింది. "అదిగోరా, మీ నాన్న పుట్టిన గది" అని నాకు చూపించింది. ఆ చోట జాలర్లు వల వేస్తున్నారు.

నా చిన్నతనం ముగిసే సంవత్సరానికి మా ఇల్లు మళ్ళీ అంచుకొచ్చింది. పెరడు పోయింది. పనసచెట్టు వేళ్ళు సగం గాల్లో వేలాడుతున్నాయి. అన్నిటికంటే చిత్రం మా నుయ్యి. చుట్టూ మట్టి జారిపోయి, లోపలి కాల్చిన మట్టి ఒరలు మాత్రం ఒకదాని మీద ఒకటిగా, ఏట్లో స్తంభంలా నిలబడ్డాయి. నేల లోపల ఉండవలసిన నుయ్యి ఆకాశంలోకి లేచింది. నీళ్ళు తోడుకునే నూతిని తల పైకెత్తి చూశాం మేం.

ఈసారి కప్పు మోసుకుపోవడానికి పడమట చోటు లేదు. అటు మిగిలిందంతా ఏటా మునిగే ఇసక. అందుకని మా నాన్న పై కచేరీకి అర్జీ రాశారు. ఏటిగట్టుకి అవతల మెరక మీద సర్కారు బంజరు ఖాళీగా పడి ఉంది, అది ఇళ్ళ స్థలాలకి ఇప్పించమని. మాట చెప్పడంలో ఆయన నాకు పూర్తిగా వ్యతిరేకం. గోరంత ఉంటే గోరంతే చెబుతారు, అదీ గోరు కత్తిరించుకున్నాక. ఉన్నదున్నట్టు రాసి, అరుగు మీద ఊరందరికీ చదివి వినిపించారు. మామ్మ అరుగు గుంజకి ఆనుకుని, "ఆ మెరక మీద ఇంత చోటిస్తే చాలు నాయనా. ఇంక మళ్ళీ కదలనక్కర్లేని చోట కన్ను మూస్తాను" అంది.

ఆషాఢంలో, ఎర్రనీరు దిగిన వారానికి, విచారించడానికి కచేరీనించి ఒక పంతులుగారు వచ్చారు. నల్ల గొడుగు, జరీ కండువా, వెనక డవాలా బంట్రోతు. చెడ్డవాడు కాదు, బొద్దుగా, చెమటలు కక్కుతూ, మంచిమాట కోసం మొహం వాచినట్టున్న మనిషి. ఆయన ఒప్పుకుంటే మెరక మాది. లేకపోతే శ్రావణం వరదకి మా ఇల్లూ, వెనకాలే ఊరూ. ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

కానీ పడవ తాత అలవాటు చొప్పున కేక వేశాడు. "సుట్టాలొత్తన్నారహో!"

అంతే. పొయ్యిలు అంటుకున్నాయి. కచేరీ ఉద్యోగి కాస్తా రేవులో దిగేసరికి చుట్టం అయిపోయాడు.

మామ్మ మొట్టమొదట చేసిన పని పెరటి తలుపు మూసి గడియ పెట్టడం. దాని వెనకాల పెరడు లేదు, గోదావరి ఉంది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటామంటారేమోనని గుండిగలతో నీళ్ళు ముందే వాకిట్లో పెట్టించింది. మునసబుగారు మా నాన్న చెవిలో, "మరి కష్టం మీరే చెప్పాలండి, అర్జీ మీదేగా" అన్నారు. మా నాన్న, "ఊరి పెద్దలు, మీరు చెబితే బాగుంటుందేమో" అన్నారు. వంటింట్లోంచి మామ్మ ఇద్దర్నీ కసిరింది. "ముందు ఆయన్ని నాలుగు మెతుకులు తిననివ్వండి. పడవెక్కబోయే ముందు చెబుదురుగాని."

పంతులుగారు పీట మీద కూర్చున్నారు. పనసపొట్టు రెండోమారు వేయించుకున్నారు. మజ్జిగ పులుసులో చెయ్యి పెట్టబోతుండగా తలుపు వెనకనించి 'ధబ్'. నేల వణికింది. పులుసు గిన్నెలో అలలు లేచాయి.

"ఏవిటండీ ఆ చప్పుడు?"

అమ్మ చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. మా నాన్న నోరు తెరిచారు. తెరిచారు, నేను చూశాను. ఇంతలో వంటింటి గుమ్మంలోంచి మామ్మ అంది, "చేప బాబూ. ఎర్రనీళ్ళకి పైకి ఎగురుతుంటాయి."

అరుగు మీదనించి బంట్రోతు నోరూరి, "ఏపాటి ఉంటదండీ?" అని అడిగాడు.

నన్ను అడిగినట్టే అనిపించింది నాకు. "మా రేవు పడవంత ఉంటుంది!" అన్నాను.

పంతులుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నలుగురి ముందు నేను చెప్పిన గొప్పకి జనం నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఆగకముందే మళ్ళీ 'ధబ్'.

"ఇది దాని పెళ్ళాం కాబోలు!" అన్నారు పంతులుగారు.

అందరూ నవ్వారు. మునసబుగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. ఆ రెండో 'ధబ్' ఆయన పశువులపాక. ఆయన పాలికాపు వచ్చి వాకిట్లోంచి సైగ చేసి చెప్పాడు. ఆయన తల ఊపి, నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వి నవ్వి కన్నీళ్ళొచ్చాయని పంతులుగారు అనుకున్నారు.

భోజనమయ్యాక ఊరు చూపించారు. పడమటివైపు తిప్పారు, పొగాకు ఆరబెట్టే పందిళ్ళు, గడ్డిమేట్లు. "అటువైపు?" అని తూర్పుకి గొడుగు చూపిస్తే మునసబుగారు నొచ్చుకుని, "అటు ముళ్ళండి, మీ పాదాలు పాడవుతాయి" అన్నారు. అప్పటికి మబ్బు పట్టింది. గాలి లేచింది. "బేగి ఎక్కాలండి, ఆయ్, ఏరు పోటెత్తుతాది" అని పడవ తాత తొందర పెట్టాడు.

పడవ అంచున కాలు పెట్టి, పంతులుగారు మా నాన్న భుజం తట్టారు. "కరణంగారూ, మనలో మాట. అర్జీ చూసి ఊరు సగం కొట్టుకుపోయిందేమో అనుకున్నాను. అర్జీ అన్నాక కాస్త పెంచి రాయడం ఉన్నదేలెండి. ఇంత సుభిక్షమైన ఊరు నేనెక్కడా చూడలేదు."

అతిథి మాట కాదనకూడదు. ఇంకా పడవ కదలలేదు. జన్మలో ఒక్క మాట పెంచి ఎరగని మా నాన్న తల వంచుకుని, "చిత్తం" అన్నారు.

గెడ పడింది, పడవ కదిలింది. కట్టుబాటు అక్కడితో తీరింది. అప్పుడు మామ్మ చెంగు బొడ్డున దోపుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. "పంతులుగారూ! అది చేప కాదండీ! మా ఊరండీ!" అని గొంతు చించుకుని అరిచింది. గాలి ఎదురుకొట్టింది. ఆయన వెనక్కి తిరిగి, ముసలావిడ దీవిస్తోందనుకున్నారో ఏమో, గొడుగు ఊపారు.

పడవ మా నుయ్యి పక్కనించే వెళ్ళింది. తర్వాత పడవ తాత చెప్పాడు, "ఆ స్తంభమేంటని అడిగారండి. పాతదండి అన్నాను. ఎవరో పూర్వపు రాజులు కట్టించుంటారని చెయ్యెత్తి దండం పెట్టారండి."

మెరక మాకు రాలేదు. శ్రావణంలో కప్పు దించి, రెండు పడవల మీద అడ్డంగా కట్టి, ఏరు దాటించాం. ఈసారి పుంజు ఎక్కలేదు. ఏటిగట్టు పక్కన ఆ కప్పును నేల మీదే ఆనించి, గోడలు లేని ఇంట్లో వంగి దూరి పడుకున్నాం. జనం తలో దిక్కూ పోయారు. కొన్ని వరదలకి లంకే పోయింది. మేము రామచంద్రపురం దగ్గర మా జ్ఞాతుల ఇంటి వసారాలో చేరాం.

మామ్మ జన్మలో మొదటిసారి ఇంకొకరింట్లో విస్తరి ముందు కూర్చుంది. కట్టుబాటు అన్నం పెట్టేవాళ్ళకే కాదు, తినేవాళ్ళకీ ఉందనుకుంది కాబోలు. ఆ ఇంటి ఇల్లాలు, "ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగితే, "నాకేవమ్మా, దివ్యంగా ఉన్నాను" అనేది. ఒళ్ళు కాలిపోతుండగా అనేది. జ్వరమని మాకు తెలిసేనాటికి వైద్యుడు నాడి చూసి చెయ్యి వదిలేశాడు. చివరి పూట కూడా, "పాపం వాళ్ళ వసారా మైల పడుతుందిరా" అని నొచ్చుకుంది.

ఉన్నదున్నట్టు రాసిన మా నాన్న రాత పెంచి రాసిందయింది. అప్పట్నించీ నేను ఉన్నదాన్ని పెంచకుండా చెప్పడం మానేశాను.

సరే, అల్లుడూ, నీ పేజీకి ఇది చాలుతుందా? చివరి మాటలు ఇలా వేసుకో. చైత్ర వైశాఖాల్లో ఏరు బాగా తీసి నీళ్ళు తగ్గినప్పుడు పడవవాణ్ణి అడిగితే, నీళ్ళలోంచి కాస్తంత తల ఎత్తిన మట్టి ఒరలు చూపిస్తాడు. మీద నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. పూర్వపు రాజుల స్తంభమని పడవవాడు చెబుతాడు. చెప్పనివ్వండి. దిగడానికి అక్కడ రేవు లేదు. బస లేదు.

ఇక నేను కల్పించింది ఏదంటే, అప్పడం కాదు, పుంజు కాదు. ఆకాశంలోకి లేచిన నుయ్యీ కాదు. మామ్మ నీళ్ళలోకి దిగి అరిచిందని రాశానే, అది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా నా లోపల ఆమె చేత అరిపిస్తూనే ఉన్నాను. ఒక్కోసారి మోకాలి లోతులో, ఒక్కోసారి నడుం లోతులో. అసలు ఆమె కదలనే లేదు. రేవులో నిలబడి రెండు చేతులూ జోడించి, "మళ్ళీ రండి బాబూ" అంది. ఊరంతా అదే అంది.

అందరికంటే గట్టిగా అరిచింది నేను.